వడోంగా టైము

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పనుంటే పక్కన పెట్టి, నేను చెప్పేది చివరిదాకా వినండి. సగంలో లేచి వెళ్తే నన్ను మరీ మంచిదాన్నో మరీ చెడ్డదాన్నో అనుకుంటారు, ఆ రెండూ నాకు వద్దు. అంతా విన్నాక మీతో నాకు పనుంది.

ఇది మొన్నటి రంజాన్ నెల సంగతి. మెల్‌బోర్న్ పక్కన పాయింట్ కుక్‌లో మా ఇల్లు. ఎండాకాలం ఇంకా పూర్తిగా పోలేదు, పొద్దు గుంకేసరికి ఎనిమిది కావొచ్చేది. మేం నూర్‌బాషా ముస్లింలం, గుంటూరు వాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మసీదులో ఎవరైనా గడగడా ఉర్దూలో పలకరిస్తే నాన్న నవ్వి, సలాం చెప్పి, చెప్పులు వెతుక్కుంటాడు. అందుకే మాలాంటి తెలుగు కుటుంబాలు ఏడెనిమిది కలిసి రంజాన్‌లో ప్రతి శనివారం మా గరాజ్‌లో ఇఫ్తార్ చేసుకుంటాం. రెండు కార్లూ బయటపెట్టి, తివాచీలు పరిచి, సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంది కాబట్టి షట్టర్ దించేస్తాం. ముప్పై మంది దాకా అవుతారు.

ఆ ఇఫ్తార్లలో మూడేళ్ళుగా నాకో పదవి ఉండేది. అంతకుముందు అందరి ఫోన్లలో అజాన్ ఒక్కో నిమిషానికి మోగేది, నాది కరెక్టంటే నాది కరెక్టని అంకుల్స్ వాదించుకునేవాళ్ళు, పిల్లలు ఎవరి అజాన్ ముందొస్తే ఆ అంకుల్ దగ్గర కూర్చునేవాళ్ళు. విసుగొచ్చి నాన్న ఒక రూల్ పెట్టాడు. అందరి ఫోన్లూ బట్టల బుట్టలో వేసి లాండ్రీ గదిలో పెట్టాలి. ఒక్క మనిషి దగ్గరే ఫోన్ ఉంటుంది. ఆ మనిషి లేచి దువా చదివితేనే అందరూ ఖర్జూరం నోట్లో పెట్టుకోవాలి. ఆ మనిషిని నేను. ముప్పై మంది పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి నా నోటివైపు చూస్తుంటే ఎలా ఉంటుందో మీకు చెప్పినా అర్థం కాదు. నేను ఫార్మసీ చదువుతున్నాను, యూనిలో ఎవరూ నా నోటివైపు చూడరు.

ఈ ఏడు ఇంట్లోకి గౌసియా వదిన వచ్చింది.

మా నాగూర్ అన్నయ్య ఇక్కడికి మూడు గంటల దూరంలో, వడోంగాలో ఫిజియోగా పనిచేస్తాడు. పెళ్ళయి ఏడు నెలలు. నెలంతా అత్తమామల దగ్గర ఉంటానని వదినే అడిగి వచ్చింది, అన్నయ్య వీలైనప్పుడు వచ్చి వెళ్తానన్నాడు. వదినది నరసరావుపేట. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. చిన్నప్పట్నుంచీ మదర్సాలో ఖురాన్ నేర్చుకుందట, సూరాలు చదువుతుంటే మా నాన్న ల్యాప్‌టాప్ మూసేస్తాడు. మా నాన్న ల్యాప్‌టాప్ మూయడం నేను నా టెన్త్ రిజల్ట్ రోజున కూడా చూడలేదు.

అమ్మ సంగతి సరేసరి. గుంటూరు ఫోన్ కలిస్తే చాలు, మా గౌసియా ఇలా మడుస్తుంది సమోసా, మా గౌసియా తెల్లారుజామున సహరీకి నాకంటే ముందే లేస్తుంది. ఒక్క కాల్‌లో పదకొండుసార్లు లెక్కపెట్టాను. నా పేరు ఒక్కసారి వచ్చింది, అదీ “రిజ్వానా ఇంకా లేవలేదు” అని.

రెండో శనివారం ఇఫ్తార్ అయ్యాక తివాచీలు చుడుతుంటే నాన్న అన్నాడు, “వచ్చే వారం నుంచి టైము గౌసియా చూసుకుంటుందిలే. దువా కూడా తనే చదువుతుంది. ఆ గొంతు వింటే ఒక్కపొద్దు అలసట ఎగిరిపోతుంది.”

“మరి నేను?”

“నువ్వు పకోడీల దగ్గరుండు తల్లీ. మూడేళ్ళు చేశావు, అలిసిపోయుంటావు.”

“ఫోన్ చూసి టైమ్ చెప్పడానికి అలిసిపోతారా నాన్నా?”

“అదే కదా నేననేది. ఎవరైనా చెయ్యొచ్చు.”

నవ్వాను. ఆ నవ్వు ముఖం మీద పెట్టుకునే మెట్లెక్కి, గది తలుపేసుకుని, దిండు కొట్టాను. నిజంగానే కొట్టాను.

వదిన మీద కోపం తెచ్చుకోవడానికి కారణం వెతికాను, దొరకలేదు. దానికి ఇంకా మండింది. ఆ గురువారం లాంగ్ వీకెండ్‌కి రాలేనని, డ్యూటీ పడిందని అన్నయ్య ఫోన్ చేశాడు. వదిన ఫోన్ పెట్టేసి, ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుండిపోయింది.

“కిందేంటి వదినా, కుర్చీ ఉందిగా.”

“కోపం వచ్చింది రిజ్జూ.”

“కోపమొస్తే కూర్చుంటారా?”

“నిలబడి ఉంటే కూర్చోమన్నారు ప్రవక్త. కూర్చున్నా పోకపోతే పడుకోమన్నారు.”

“పడుకున్నా పోకపోతే?”

“లేచి ముఖం, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని, అప్పుడు మీ అన్నయ్యకి ఫోన్ చేసి తిడతా.”

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు రావడం కూడా నచ్చలేదు. కోపం కూడా ఇంత శుభ్రంగా తెచ్చుకుంటుందా మనిషి? నా కోపమేమో దిండు కుట్లు ఊడదీసింది.

శనివారం వచ్చింది. పొద్దుట్నుంచీ మబ్బు. సాయంత్రం వంటింట్లో వదిన రెండు చేతులూ శనగపిండిలో ఉన్నాయి.

“రిజ్జూ, నా ఫోన్ తీసి ఇఫ్తార్ టైము ఒకసారి చూడవా? మొదటిసారి కదా, భయంగా ఉంది. సరిగ్గానే ఉందా?”

తీశాను. ఏడు ముప్పై తొమ్మిది అని ఉంది. ఎదురుగా ఫ్రిజ్ మీద మసీదు వాళ్ళ కాగితంలో ఏడు నలభై తొమ్మిది. మళ్ళీ ఫోన్ చూశాను. పైన చిన్న అక్షరాల్లో వడోంగా అని ఉంది. అక్కడ వాళ్ళ ఇంటి దగ్గర సిగ్నల్ సరిగా ఉండదని అన్నయ్య ఊరి పేరు చేత్తో కొట్టి పెట్టాడట, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. వడోంగా మాకు తూర్పున ఉంది, అక్కడ పొద్దు పది నిమిషాలు ముందే గుంకుతుంది. మామూలు రోజుల్లో ఇంట్లో ఫ్రిజ్ మీది కాగితమే చూస్తాం కాబట్టి ఆ ఫోన్‌తో ఎవరికీ పని పడలేదు.

“ఉంది వదినా. బానే ఉంది.”

నాలుగే మాటలు. ఏమనుకుని అన్నానో చెప్తాను, దాచను. ఏడు ముప్పై తొమ్మిదికి వదిన లేచి నోరు తెరవగానే నేను “ఆగండి, ఇంకా టైమ్ కాలేదు” అందామనుకున్నాను. ముప్పై మంది ఖర్జూరాలు చేతుల్లో పట్టుకుని ఆగిపోతారు. నాన్న నావైపు తిరుగుతాడు. చూశారా, ఇది ఎవరైనా చేసే పని కాదు అని అందరికీ తెలుస్తుంది. అంతవరకే నా ప్లాన్.

గరాజ్ నిండింది. ఫోన్లు బుట్టలోకి, బుట్ట లాండ్రీలోకి వెళ్ళాయి. షట్టర్ దించారు. వదిన లేచి నిలబడి కొంగు సర్దుకుని దువా మొదలుపెట్టింది.

ఆ గొంతు ఎత్తగానే గరాజ్ అంతా మారిపోయింది. చిన్నపిల్లలు కూడా గిల్లుకోవడం ఆపేశారు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు ఆపితే నేనే అందరికీ చెడ్డదాన్నవుతాను, దువా అయ్యాక చెప్దాం అనుకున్నాను. దువా అయింది. బిస్మిల్లా అన్నారు అందరూ. చేతులు నోళ్ళలోకి వెళ్ళిపోయాయి.

నేను తినలేదు. ఖర్జూరం వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాను. అందరూ నమిలేటప్పుడు ఒక్కదాన్నే ఊరికే కూర్చున్నానని నాకు తెలీదు, తలెత్తితే వదిన నా చేతి వంకే చూస్తోంది.

“ఇవాళ తొందరగా అయినట్టుందే,” అన్నాడు మీరావలి అంకుల్, నీళ్ళు తాగుతూ. ఆయనకు డెబ్భై దగ్గర, షుగర్ ఉంది, డాక్టర్ వద్దన్నా ఒక్కపొద్దు మానడు.

“రోజురోజుకీ పొద్దు తగ్గుతోందిగా,” అంది అమ్మ.

రెండు పకోడీలు తిని, పొద్దు గుంకాక చదివే మగ్రిబ్ నమాజుకి లేచారు. నాన్న ముందు, వెనక మగవాళ్ళు, ఆ వెనక మేము. నా భుజం వదిన భుజానికి ఆనుకుని ఉంది. నమాజు సగంలో, రెండో రకాత్‌లో ఉండగా లాండ్రీలోంచి అజాన్ వచ్చింది.

ముందు ఒక ఫోన్. తర్వాత రెండు, తర్వాత బుట్టంతా. ఇరవై గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఇప్పుడు పొద్దు గుంకిందని చెప్తున్నాయి. నమాజులో ఉన్నాం, ఎవరూ తల తిప్పకూడదు, మాట్లాడకూడదు. నాన్న గొంతు ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది. వదిన భుజం నా భుజం నుంచి కొంచెం దూరం జరిగి, సలాం తిప్పి నమాజు ముగించేదాకా అలాగే ఉంది.

“ఎవరు చూశారు టైము?” అన్నాడు నాన్న, వెనక్కి తిరిగి.

ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. రిజ్జూని చూడమన్నా మామయ్యా, బానే ఉందంది.

“నేనే మామయ్యా,” అంది వదిన. “ఫోన్‌లో ఊరు మార్చలేదు. నా తప్పే.” అని అక్కడే, తివాచీ లేని చోట, సిమెంటు నేల మీద కూర్చుంది.

“మీ నరసరావుపేటలో పొద్దు ఎన్నింటికి గుంకుతుందో మాకు తెలీదు గానీ అమ్మాయ్,” అంది మీరావలి అంకుల్ భార్య జైబున్ ఆంటీ, “ఈ ఊళ్ళో మాత్రం ఇదిగో, ఇప్పుడే.”

కొందరు నవ్వారు. మీరావలి అంకుల్ నవ్వలేదు. “ఇన్నేళ్ళలో నాకు ఒక్కపొద్దు ఒక్కటి కూడా పోలేదమ్మా,” అన్నాడు మెల్లగా, చేతిలో గ్లాసు చూసుకుంటూ. నాన్న మసీదు ఇమామ్‌కి ఫోన్ చేశాడు. తెలియక చేసినందుకు పాపం లేదు, కానీ ఆ రోజుకి బదులు ఇంకో రోజు అందరూ ఖజా ఉండాలని చెప్పారాయన. నమాజు మళ్ళీ చదివాం. అమ్మ గిన్నెలు తీస్తూ నాతో అంది, “నువ్వుండాల్సిందే ఆ పనికి. మూడేళ్ళలో ఒక్క తప్పు రాలేదు.”

ఎన్ని రోజుల్నుంచి ఎదురుచూశానో ఆ మాట కోసం. వచ్చింది. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

అందరి ఒక్కపొద్దూ పోయింది. లెక్కప్రకారం నా ఒక్కదానిదే నిలిచింది.

ఆ తర్వాత వదినకి వడోంగా టైము అని పేరు పడిపోయింది. జైబున్ ఆంటీ పెట్టింది. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఆలస్యంగా వస్తే వడోంగా టైము, ముందొస్తే వడోంగా టైము. వదిన కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టేది. నాన్న కూడా వదిన సూరాలు చదివేటప్పుడు ల్యాప్‌టాప్ మూయడం మానేశాడు. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. కావలసినవన్నీ వరసగా జరుగుతుంటే నేనేమో సహరీకి నీళ్ళు తాగి లేచిపోయేదాన్ని.

అసూయ పోయిందేమో అనుకుంటున్నారా? పోలేదు. ఇంకో చోటికి మారింది. ఇప్పుడు ఆమె గొంతు మీద కాదు, ఊరుకోవడం మీద అసూయ. అంతమంది ముందు నా పేరు నోట్లో పెట్టుకుని బయటికి రానివ్వకుండా ఎలా కూర్చోగలిగింది? నాకెందుకు లేదు అది? యూని లైబ్రరీలో ఒకరోజు గ్రూపు మెసేజ్ చూసి ఒళ్ళు మండి, పుస్తకాల అరల మధ్య నేల మీద కూర్చున్నాను. నా ఫ్రెండ్ లాస్య వచ్చింది.

“ఏంటే, కళ్ళు తిరిగాయా? నీళ్ళు తాగకూడదు కదా మీరు, ఇప్పుడేం చెయ్యాలి?”

“కోపం వస్తే కూర్చోవాలి.”

“ఎవరి మీద కోపం?”

“నా మీదే.”

లాస్య బ్యాగ్ కింద పెట్టి నా పక్కనే కూర్చుంది. “అయితే నాకూ చోటివ్వు. అసైన్‌మెంట్ ఇవాళే.”

కూర్చున్నా పోలేదు. ఇంటికొచ్చి వజూ చేసుకున్నాను, ముఖం చల్లబడింది, లోపల చల్లబడలేదు. చెప్పేస్తే తప్ప పోదని అప్పటికి తెలిసిపోయింది. చెప్పడానికి మాత్రం పది రోజులు పట్టింది.

వదినకి నేను కారు నేర్పిస్తున్నాను. ఎల్ బోర్డు పెట్టుకుని వదిన, పక్క సీట్లో నేను. ఇంట్లో నాకు మిగిలిన ఒకే ఒక్క పెద్దరికం అది. ఆ రోజు పాయింట్ కుక్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో, వదిన ముందు కారు వెనక జాగ్రత్తగా పాకుతుంటే, నేను రోడ్డు వంక చూస్తూ అన్నాను.

“ఆ రోజు ఫోన్ నేను చూశా వదినా. వడోంగా అని ఉంది. చూసే బాగుందన్నా.”

వదిన సిగ్నల్ వేసింది, అద్దం చూసింది, భుజం మీదుగా తిరిగి చూసింది, నేను నేర్పినట్టే అన్నీ వరసగా చేసి పక్క వీధిలోకి తిప్పి ఆపింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. హజార్డ్ లైట్లు వేసింది. తర్వాత సీటు పక్కన చెయ్యి పెట్టి పిడి లాగి, సీటు వెనక్కి వాల్చి పడుకుంది. కళ్ళు మూసుకుంది.

అప్పటికే కూర్చుని ఉంది కదా.

హజార్డ్ లైట్లు టిక్కు టిక్కుమంటున్నాయి. కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్న ఒకాయన కారులోకి వంగి చూసి, ఆర్ యూ గర్ల్స్ ఓకే అన్నాడు. ఓకే అన్నాను. నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో.

“నువ్వు తినలేదు,” అంది వదిన, కళ్ళు తెరవకుండానే. “చూశాను. అజాన్లు మోగినప్పుడు అర్థమైంది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“ఏం చెప్పను? చెప్తే మీరావలి అంకుల్ ఒక్కపొద్దు తిరిగొస్తుందా?”

“సారీ వదినా. నాకు... అందరూ నిన్నే...”

“తెలుసు రిజ్జూ. ఇంట్లో తలుపులెయ్యడం నాకు వినపడదా?” సీటు ఇంకా లేపలేదు. “కోపం పోయిందని చెప్పను. రంజాన్‌లో అబద్ధమెందుకు. పోలేదు. ఎనిమిదో తరగతి పిల్లలా ఏడ్చాను ఆ రాత్రి.”

“నేనేం చెయ్యాలి చెప్పు.”

“నేనేదైనా బాగా చేస్తే నీక్కూడా అది రావాలనుకో, తప్పు లేదు. నాకు పోవాలనుకుంటేనే తప్పు. అలా అనిపించినప్పుడు నా కోసం దువా చెయ్యి. మొదట్లో నోరు తిరగదు. నాకూ తిరగలేదు.”

“నీకెవరి మీద?”

“నీ మీదే. ఈ ఊళ్ళో కారు వేసుకుని ఎక్కడికైనా పోతావు. ఇంగ్లీషులో జోకులేస్తావు. మీ అన్నయ్య నాతో మాట్లాడేటప్పుడు రోజుకి రెండుసార్లు మా రిజ్జూ అంటాడు.”

నేను ఫోన్ బయటికి తీశాను.

“నేను అందరికీ చెప్పేస్తా వదినా. గ్రూపులోనే పెట్టేస్తా.”

అప్పుడు లేచి కూర్చుంది. “వద్దు. అల్లా కప్పినదాన్ని నువ్వెందుకు విప్పుతావు? నాకు చెప్పావు, నాకే చెప్పాలి. తెలిస్తే మీ అమ్మ ఆ జైబున్ ఆంటీ ముందు తలెత్తుకోలేదు. వడోంగా టైము అంటే నాకేం అరిగిపోదు.”

“అరిగిపోతోంది కదా.”

అద్దం సరిచేసుకుంది. “ఇప్పుడు కుడివైపు తిప్పాలా, ఎడమవైపా?”

ఆ రాత్రి నుంచి నమాజు తర్వాత దువా చేస్తున్నాను. పెద్దపెద్దవి నోటికి రాలేదు, అందుకని చిన్నవాటితో మొదలుపెట్టాను. యా అల్లా, వదినకి పార్కింగ్ టెస్టులో వెడల్పాటి చోటు దొరకాలి. యా అల్లా, అన్నయ్య ఈ వారమైనా రావాలి. నాలుగైదు రోజులకి, వదిన గొంతు ఎప్పటికీ అలాగే ఉండాలి అని కూడా అనగలిగాను. రెండుసార్లు మధ్యలో ఆపేశాను. కానీ అన్నాను.

పండగ రోజు ఓవల్ గ్రౌండ్‌లో నమాజయ్యాక అందరూ అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటుంటే జైబున్ ఆంటీ వదిన గడ్డం పట్టుకుని అంది, “ఇవాళ పండగేనంటావా గౌసియా, లేక వడోంగాలో నిన్ననే అయిపోయిందా?” చుట్టూ పదిమంది నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. వదిన నవ్వుతూనే నావైపు చూసి, ఎవరికీ కనపడనంత కొంచెం, తల అడ్డంగా ఊపింది. నేను నోరు మూసుకున్నాను. వాళ్ళనీ వీళ్ళనీ వాటేసుకుంటూ, సెమియా పంచుతూ, మధ్యాహ్నం దాకా మూసుకునే ఉన్నాను.

రేపు శనివారం. ఆ ముప్పై మందీ కలిసి ఖజా ఉండి సాయంత్రం మా ఇంటికొస్తున్నారు. మీరావలి అంకుల్‌కి మొన్న షుగర్ బాగా పడిపోయిందట, అయినా నాకు బాకీ వద్దమ్మా అని ఉంటానంటున్నాడు. నాది నిలిచిన ఒక్కపొద్దే అయినా నేనూ ఉంటున్నాను. ఇందాక నాన్న వచ్చి, “రేపు టైము నువ్వే చూడు తల్లీ, నమ్మకమైన మనిషి ఉండాలి” అన్నాడు. పండగయ్యాక ఖజా కోసమే ఆగిన వదిన అక్కడే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

నోరు విప్పితే, వద్దని నన్ను కాపాడిన మనిషి మాట తోసేసినట్టు. అమ్మకి తలవంపు. విప్పకపోతే, నేను చేసిందాన్ని ఆమె జీవితాంతం మోస్తుంది, నవ్వుతూ. అల్లా కప్పాడని వదిన అంటోంది. నాకేమో కప్పుకుంటున్నది నేనేమో అనిపిస్తోంది. రేపు ముప్పై మంది నా నోటివైపు చూస్తారు.

మీరైతే ఏం చేస్తారు?